పరగడుపున రెండు

మార్చి నాలుగో తేదీ ఉదయం ఏడు గంటలకు బెలీ బ్రెగ్ దగ్గర తీసా నది నీటిమట్టం 214 సెంటీమీటర్లు. ఒడ్డున ఉన్న అంకెల పలకను, అంటే గేజీని, రోజూ చదివే జివానా ఫోన్‌లో 412 అని చెప్పింది.

అవతల జలశాఖ ఆఫీసులో రాసుకునే అమ్మాయి ఆగింది. నిన్న 209 ఉంది కదా, ఒక్క రాత్రిలో రెండు మీటర్లు పెరిగిందా అని అడిగింది. జివానా మళ్లీ 412 అంది. అమ్మాయి ఇంకోసారి అడిగింది. అప్పుడు జివానా అన్న మాట ఆఫీసు టేపులో ఉంది.

"ఇరవై రెండేళ్లుగా ఈ నదిని చదువుతున్నా తల్లీ. ఇవాళ నువ్వు నాకు అంకెలు నేర్పుతావా?"

మధ్యాహ్నం వార్తల తర్వాత రేడియోలో నదుల మట్టాలు చదివారు. బెలీ బ్రెగ్, 412, పెరుగుదల 203. రెండు గంటలయ్యేసరికి ఒడ్డున చేపల హోటలు నడిపేవాడు నలభై కుర్చీలు కరకట్ట మీదికి ఎక్కించాడు. పడవలున్నవాళ్లు పడవలు పైకి లాగి చెట్లకు కట్టేశారు. జివానా పక్కింటి యాగొదా తన పద్దెనిమిది తేనెపెట్టెలను చేతిబండి మీద ఒక్కొక్కటిగా కట్ట పైకి తోసింది. చలి వదలని రోజుల్లో కదిలించినందుకు తేనెటీగలు ఆమెను నాలుగు చోట్ల కుట్టాయి. రెండూ ఇరవైకి పంపుహౌసులో పనిచేసే వుకాదిన్ కిటికీలోంచి చూశాడు. నీళ్లు నిన్న ఎక్కడున్నాయో ఇవాళా దాదాపు అక్కడే ఉన్నాయి. ఆఫీసుకు ఫోన్ చేశాడు.

సాయంత్రం యాగొదా వచ్చింది. ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. గుమ్మంలో నిలబడి, ఉన్న ఒక్క కన్నుతోనే జివానాను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమే, నీ వరద ఇంకా బయల్దేరలేదా? దారిలో ఎవరింటికైనా కాఫీకి ఆగిందా?"

జివానాకు ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డదన్న సామెత గుర్తొచ్చింది. బల్లి నయం, తాను పడడమే కాక పద్దెనిమిది తేనెపెట్టెలను కూడా వెంట లాగింది అనుకుంది.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంజనీరు తిహొమీర్ ఫోన్ చేశాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. కేకలు వేసి ఉంటే బాగుండునని జివానాకు అనిపించింది. జూన్ ముప్పై దాకా ఉదయం ఏడింటికి వుకాదిన్ కూడా గేజీ చదివి చెబుతాడని, ఇద్దరూ సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలని, ఆమె తప్పు మూడుసార్లు తేలితే జూలై ఒకటి నుంచి గేజీ వుకాదిన్ చేతికి వెళుతుందని చెప్పాడు.

ఆ పనికిచ్చే జీతం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆమె తండ్రి కూడా అదే చదివాడు, ఆయనకూ ఏమీ మిగల్లేదు. అయితే రోజూ పన్నెండింటికి రేడియోలో వాళ్ల ఊరి పేరు వినబడేది. ఆ పేరు వెనకాల ఒక అంకె వచ్చేది. ఆ అంకె ఆమె కళ్లతో చూసి చెప్పింది. కింది ఊళ్లలో జనం దాన్ని నమ్ముకుని పడవ దింపాలో వద్దో తేల్చుకునేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ నిమిషంలో ఆమె సూపు గిన్నెలో చెంచా ఆపేసి వినేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు. ఎందుకంటే ఆమే నవ్వుకునేది.

అంతకుముందు సెప్టెంబరులో ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు కింద గడ్డ పెరిగి, గ్రంథి మొత్తం తీసేశారు. పరీక్షలో కేన్సరు లేదని తేలింది. ఇంటికి పంపేటప్పుడు ఒక మాత్ర రాశారు. బతికున్నన్నాళ్లూ రోజూ పరగడుపున వేసుకోవాలి, తర్వాత అరగంట నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఆరు వారాల్లో మామూలు మనిషివవుతావన్నారు.

ఆరు వారాలు పోయాయి, ఇంకో ఆరు వారాలు పోయాయి. ఆమె మూడు జతల మేజోళ్లు తొడుక్కునేది. పొద్దున్నే అద్దంలో కనిపించే మొహం రాత్రంతా ఎవరో నీళ్లలో నానబెట్టినట్టు ఉండేది. గొంతు ఎంత బొంగురు పోయిందంటే, ఫోన్ చేసిన కొత్తవాళ్లు "అయ్యా, మీ ఆవిడ ఉన్నారా?" అని అడిగేవారు. మొదట్లో కోప్పడింది. తర్వాత "లేదండీ, నదికి వెళ్లింది" అని చెప్పడం మొదలుపెట్టింది. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చున్న చోటే నిద్రపోయేది, చేతిలో కత్తి అలాగే ఉండేది. వస్తువుల పేర్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయేవి. ఒకసారి జల్లెడ కావాలని యాగొదాతో చెప్పడానికి, అదేనే, బొక్కలుండే గిన్నె అని పావుగంట వర్ణించింది.

రక్తపరీక్షల ఫలితాలను ఆమె గేజీ పుస్తకం వెనక పేజీల్లో రాసింది. నదికి గీసినట్టే మూడు గడులు గీసింది: తేదీ, మట్టం, పెరుగుదల. మామూలు మనిషికి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ అంకె నాలుగు దాటకూడదట. నవంబరులో 18 వచ్చింది. కాగితంలో దాని పక్కన పైకి చూసే బాణం గుర్తు ఉంది. పైకి ఉందంటే మందు ఎక్కువైందనుకుని జివానా రెండు రోజులు సగం మాత్రే వేసుకుంది. డాక్టర్ లెపొసావా అది తెలిసి తల పట్టుకుంది.

"అది మెదడు వేసే కేకమ్మా. పిలిస్తే పలికేవాడు లేకపోతే ఇంకా గట్టిగా పిలుస్తారు కదా, అది అంతే. అంకె పెరిగిందంటే లోపలికి మందు చాలడం లేదని."

వంద మైక్రోగ్రాములున్న మాత్రను నూట పాతిక చేసింది. జనవరిలో 27 వచ్చింది. నూట యాభై చేసింది. మార్చి పదకొండున, అంటే రాని వరద వచ్చిన వారానికి, 41 వచ్చింది.

ఈలోగా జివానా తన సొంత కారణాలు వెతుక్కుంది. మొదట సర్జన్ ఏదో చేయకూడనిది కోసేశాడనుకుంది. తర్వాత మాత్రలు నకిలీవనుకుంది. చివరిది ఆమె ఎవరితోనూ అనలేదు. ఆమె తల్లి ఈ వయసులోనే మనుషుల పేర్లు మరిచిపోవడం మొదలుపెట్టి, ఆఖరి మూడేళ్లు కూతుర్ని నర్సనుకుని బతికింది. జివానా తనను తాను పరీక్షించుకునేది. ఉత్తరం నుంచి దక్షిణానికి రేడియోలో చదివే ఊళ్ల పేర్లు వరసగా అనుకునేది. ప్రతిసారీ ఒకటి తప్పిపోయేది. రెండుసార్లు తప్పిపోయిన ఊరు బెలీ బ్రెగ్.

మార్చి పద్దెనిమిదిన ఆమె బస్సెక్కి డాక్టర్ దగ్గరికి వెళ్లింది. గేజీ పుస్తకం తీసుకుపోయింది. డాక్టర్ గడులు చూసింది. మందు పెంచేకొద్దీ అంకె పెరగడం ఆమెకు నచ్చలేదు. చాలా మర్యాదగా, ఏ రోజైనా మాత్ర మరిచిపోతున్నారా అని అడిగింది.

జివానాకు చర్రున వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఉదయం ఏడు గంటల రీడింగు ఒక్కటి తప్పలేదని, ఆపరేషన్ రోజున కూడా యాగొదాను కట్ట దిగి పంపి చదివించానని చెప్పింది. ఖాళీ మాత్రల అట్టలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. నర్సు స్లావ్నా లెక్కపెట్టింది. ఒక్క మాత్ర కూడా తేడా లేదు. డాక్టర్ మాత్రతో పాటు వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏమీ లేవంది జివానా. ఇదే ప్రశ్న నవంబరులోనూ జనవరిలోనూ అడిగితే ఇదే జవాబు చెప్పింది.

డాక్టర్ కలం కింద పెట్టింది. "సరే. మీరు నది సంగతి ఆఫీసుకు ఎలా చెబుతారో, మీ పొద్దుట సంగతి నాకు అలా చెప్పండి. టైముతో సహా."

ఇది జివానాకు చేతనైన పని. కుర్చీలో సర్దుకు కూర్చుంది.

"అయిదున్నరకు లేస్తాను. అయిదూ ముప్పై అయిదుకు మాత్ర, గ్లాసు నీళ్లతో. కాఫీ పెడతాను గాని తాగను. మీరు అరగంట అన్నారు, నేను ఇంకో అయిదు నిమిషాలు ఆగుతాను, ఎందుకైనా మంచిదని. ఆరూ పదికి కాఫీ. ఏడుకి పది నిమిషాలుండగా గేజీకి బయల్దేరతాను."

"మాత్రకూ కాఫీకీ మధ్య?"

"ఏమీ లేదు. మాత్ర వెనకాలే ఒక చెంచా అక్రోటు, అంతే."

స్లావ్నా చేతిలోని అట్టలు సర్దడం ఆపింది.

"అక్రోటా?" అంది డాక్టర్.

"పచ్చి అక్రోటు కాయలు, తేనెలో ఊరేసినవి. మా పక్కింటావిడ చేస్తుంది. మామూలు చెంచా కాదులెండి, గుండ్రంది, పెద్దది. అది కూడా పరగడుపునే తినాలి."

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచి. ఒక్క రోజు మానలేదు."

"వేరే మందులేమీ లేవన్నారు కదా?"

"మందులు లేవండీ. అది తినేది."

డాక్టర్ కలం మళ్లీ అందుకుంది. "అది తింటే దేనికి మంచిదని చెప్పింది మీ పక్కింటావిడ?"

"థైరాయిడ్‌కి," అంది జివానా.

ఆ మాట తన నోటి నుంచి బయటికి వచ్చాక తనకే వినబడింది. స్లావ్నా గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"జివానా గారూ," అంది డాక్టర్, "మీ థైరాయిడ్ ఎక్కడుంది?"

"తీసేశారు కదండీ. మీ వాళ్లే తీసుకున్నారు."

కింది ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో సగం మంది ఇళ్లలో ఈ సీసా ఉంటుందని స్లావ్నా తర్వాత చెప్పింది. ఆమె ఇంట్లోనూ ఉందట, వాళ్ల అత్తగారు చేస్తుందట, ఆమె దాన్ని దగ్గుకు తింటుందట. డాక్టర్ నవ్వలేదు. ఈ మాత్రను అక్రోటుతో పాటు మింగితే ఒంటికి సరిగా అందదని, మందు కాగితంలో సోయా పక్కన దాని పేరు కూడా అచ్చువేసే ఉంటుందని చెప్పింది. ఆ కాగితాన్ని జివానా సెప్టెంబరు నుంచి సొరుగు అడుగున పరిచి వాడుతోంది. అసలు కారణం ఇదే అని తాను ప్రమాణం చేసి చెప్పలేనని, మానేసి చూస్తేనే తెలుస్తుందని డాక్టర్ అంది. మాత్రను మళ్లీ నూట పాతిక చేసింది. ఆరు వారాల లోపు పరీక్ష చేయించినా ఉపయోగం లేదంది.

బస్సులో తిరిగి వస్తూ జివానా తనకు రావలసిన తిట్లు తానే తిట్టుకుంది. కరకట్ట మీద బస్తాలు పేర్చేకొద్దీ ఇవతల నీళ్లు పెరుగుతుంటే, ఇంకో వరస బస్తాలు పేర్చేవాడిని ఊళ్లో వెర్రివాడంటారు. కట్ట కింద ఎక్కడో బుంగ పడిందని అర్థం. దిగి వెతకాలి. ఈ ముక్క ఆమె పదేళ్ల వయసులో తండ్రి దగ్గర నేర్చుకుంది. తర్వాత ఊరి కుర్రాళ్లందరికీ చెప్పింది. తన విషయానికొచ్చేసరికి ఆరునెలలు బస్తాలు పేర్చింది, బుంగను రోజూ పొద్దున్నే గుండ్రటి చెంచాతో తవ్వింది. కాఫీని మాత్రం ముప్పై అయిదు నిమిషాలు గుమ్మం బయట నిలబెట్టింది. పైగా ఎవరి కోసం ఆ చెంచా? అద్దెకున్నవాడు ఖాళీ చేసి వెళ్లిపోయాక రోజూ వాడి తలుపు దగ్గర క్యారేజీ పెట్టి వచ్చిన మనిషిని ఏమనాలో ఆమెకు తోచలేదు.

యాగొదాతో చెప్పడం మిగిలింది. అది డాక్టరుకు చెప్పినంత సులువు కాదు. యాగొదా జూన్‌లో సూది దిగే లేతదనం ఉన్నప్పుడు కాయలు కోసి, నలభై రోజులు ఎండలో పెట్టి, తనకు రెండు సీసాలు మిగిల్చుకుని జివానాకు ఆరు ఇచ్చింది. అందులో అయిదు ఖాళీ అయ్యాయి. ఆరోది అల్మరాలో ఉంది. అదీగాక ఆమె కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. జివానా నాలుగు రోజులు తప్పించుకు తిరిగింది. అయిదో రోజున కాఫీ తాగుతూ, డాక్టర్ అక్రోటు వద్దందని, అది మాత్రను పనిచేయనివ్వడం లేదేమోనని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

యాగొదా కప్పు పళ్లెంలో పెట్టి ఆలోచించింది.

"అంటే ఆ కంపెనీ మందు కంటే నా కాయ గట్టిదన్నమాట."

"అలా అనలేదే ఆవిడ."

"ఇంకెలా అంటారే? రెండూ లోపలికి వెళ్లాయి. ఒకటి గెలిచింది." ఆమె ఆరో సీసా అడిగి తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే వీధిలో అందరికీ ఈ సంగతి చెప్పింది. సీసాలు కావాలని ఇద్దరు కొత్తవాళ్లు అడిగారట.

అక్రోటు మానగానే ఏమీ మారలేదు. ఏప్రిల్ తొమ్మిదిన జివానా 271 అని చెప్పింది, వుకాదిన్ 277 అన్నాడు. ఫొటోలు చూశారు. వుకాదిన్ చెప్పిందే సరి. ఇంజనీరు ఒకటి అని రాసుకున్నాడు. ఆ తర్వాత వుకాదిన్ గేజీ దగ్గర ఎదురుపడినప్పుడల్లా మెట్ల మీద పక్కకు జరిగి, పెద్దవాళ్లకు దారిచ్చినట్టు చేయి చూపించేవాడు.

"జాగ్రత్తక్కా, అంకెలు జారుతున్నాయి."

మే ఆరున పరీక్షలో 11.8 వచ్చింది. డాక్టర్ దాని చుట్టూ గీత గీసి, దిగుతోంది, ఓపిక పట్టండి అంది. జివానా పుస్తకంలో రాసింది. పెరుగుదల అని ఉన్న గడిలో మొదటిసారి ముందు అడ్డగీత పెట్టింది.

మే ఇరవైన ఆమె 318 అని చెప్పింది. పది నిమిషాల తర్వాత ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి, వుకాదిన్ 308 అంటున్నాడు, ఏది రాయమంటారు అంది. జివానా ఆలోచించలేదు. ఈమధ్య తప్పు ఎవరిదన్న ప్రశ్నే ఆమెకు రావడం లేదు, ఏదైనా తనదే అనుకుంటోంది. అతనిదే రాయమంది, నా కళ్లు మంచివి కావమ్మా అని కూడా అంది. సాయంత్రం ఇంజనీరు ఫొటోలు తెప్పించి చూశాడు. రెండింట్లోనూ 318 ఉంది. వుకాదిన్ పలక మీద పది సెంటీమీటర్ల కింది అంకె చదివాడు. ఇంజనీరు ఆమెకు ఫోన్ చేశాడు.

"మీరు సరిగ్గానే చదివారు జివానా గారూ."

ఆమె ఆ మాటకు సంతోషించబోయింది.

"కానీ సరైన అంకెను దిగి చూడకుండా మార్చేశారు. మీ ఫోన్లోనే ఫొటో ఉంది, అదీ చూడలేదు. కంటి తప్పయితే వదిలేసేవాడిని. దీన్ని లెక్కలో వేస్తున్నాను. ఇది రెండోది."

జివానా ఫోన్ పెట్టేసి కూర్చుంది. తప్పు చదివినందుకు ఒకటి పడింది, ఒప్పు చదివినందుకు ఇంకొకటి పడింది. ఇరవై రెండేళ్లలో ఇలాంటిది ఇంకెవరికీ జరిగి ఉండదనుకుంది. ఇంజనీరు చెప్పింది న్యాయమేనని కూడా అనుకుంది, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మిగిలింది ఒక్కటి. నలభై ఒక్క రోజులున్నాయి.

జూన్‌లో మేజోళ్లు రెండు జతలు తగ్గాయి. జల్లెడను జల్లెడ అంది. మధ్యాహ్నం నిద్ర మాత్రం మానలేదు, కూర్చున్నచోట కాకుండా మంచం మీద పడుకోవడం ఒక్కటే మారింది. గొంతు అలాగే ఉంది. దువ్వెనలో వెంట్రుకలు అలాగే వచ్చాయి. ఊడిన జుట్టు తిరిగి రావడానికి శరదృతువు దాకా పట్టొచ్చని, గొంతు అసలు ఎంతవరకు వస్తుందో చెప్పలేనని డాక్టర్ అంది.

జూన్ పదిహేడున వాన పడుతోంది. జివానా 246 అని చెప్పింది. ఏడూ పదిహేనుకు అమ్మాయి ఫోన్ చేసింది. వుకాదిన్ 256 అంటున్నాడట. ఏది రాయాలి అంది.

జివానా నాలుక చివర అతనిదే రాయి అన్న మాట ఉంది. రిసీవరు చేతిలో ఉండగానే సెల్‌ఫోన్ తీసి ఫొటో చూసింది. వాన చుక్క ఒకటి కెమెరా మీద పడి, పలక మీద అంకె సగం చెరిగిపోయింది. నాలుగో అయిదో తెలియలేదు.

"ఫోన్ పెట్టెయ్యకు తల్లీ," అంది. "దిగి చూసి వస్తాను."

"వాన కదండీ."

"నదికి వాన కొత్తా?"

కట్ట మీది నుంచి గేజీ దాకా ముప్పై ఒక్క మెట్లు దిగింది. నీళ్లు పలకను తాకిన చోట చేయి ఆనించి, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి లెక్కపెట్టింది. మూడోసారి పైకి చదివింది, ఎవరికో అప్పజెప్పినట్టు. ఫొటో మళ్లీ తీసింది. ముప్పై ఒక్క మెట్లు ఎక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఇంటికొచ్చి రిసీవరు అందుకునేసరికి అవతల అమ్మాయి ఇంకా ఉంది.

"246. ఏడూ ఇరవై ఆరుకు కూడా అంతే. నాదే రాయి."

"రాశానండీ," అంది అమ్మాయి.

పన్నెండింటికి ఫొటోలు ఇంజనీరు దగ్గరికి వెళ్లాయి. జివానా రెండో ఫొటోలో 246 ఉంది. వుకాదిన్ ఫొటో పంపలేదు. అడిగితే వానలో తాను కిందికి దిగలేదని, పంపుహౌసు కిటికీలోంచి చూసి చెప్పానని ఒప్పుకున్నాడు.

జూన్ ఇరవై నాలుగున రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 3.4 వచ్చింది. కాగితంలో పక్కన బాణం లేదు.

జూన్ ఇరవై ఎనిమిదిన ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అందులో రెండు వాక్యాలున్నాయి. పరిశీలన గడువులో లెక్కలోకి వచ్చిన తప్పులు రెండు. జూలై ఒకటి నుంచి బెలీ బ్రెగ్ గేజీ జివానా పేరు మీదనే ఉంటుంది.